టెస్టులన్నీ ఒకేచోట సరే, వదిలేసినవి ఎక్కడ?

మా కాలేజీలో నాకు జూనియర్ ఒకడు విజయవాడలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరాడు. మొన్న వాట్సాప్‌లో అడిగాడు: "అక్కా, టెస్ట్ కేసులన్నీ ఒకేచోటికి చేర్చే పని నాకప్పగించారు. టెస్ట్‌రెయిల్ కొనమని చెప్పనా, జిరాకే ఏదైనా ప్లగిన్ తగిలించమననా? టెస్ట్‌లింక్ ఊరికే వస్తుంది కదా, దాంతో సరిపెట్టుకోవచ్చా?" టెస్ట్ కేసంటే ఏం చేసి చూడాలో, ఏం రావాలో రాసుకున్న ఒక లైను. అతనడిగినవి అలాంటివి దాచుకునే సాఫ్ట్‌వేర్లు, జిరా ఏమో పనుల టికెట్లు రాసుకునేది.

"టూల్ సంగతి తర్వాత. మీరు టెస్ట్ చెయ్యకుండా వదిలేసినవి ఎక్కడ రాసుకుంటున్నారు?" అన్నాను. నేను జోకేశాననుకున్నట్టున్నాడు, నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

నేను నిజంగానే అడిగాను. టెస్టింగ్‌లో ఒకేచోట ఉండి తీరాల్సినవాటిలో టెస్ట్ కేసులకి నేనిచ్చేది రెండో స్థానం. ఈ రిలీజ్‌లో, అంటే కస్టమర్లకి పంపే ఈ కొత్త వెర్షన్‌లో, దేన్ని చూడకుండా వదిలేస్తున్నాం, ఎందుకు వదిలేస్తున్నాం, వదిలెయ్యమన్నది ఎవరు అన్న మూడు ముక్కలూ ముందు ఒక పేజీలో ఉండాలి. ఇవి ఉంటే మిగతా సరంజామా నాలుగు చోట్ల పడి ఉన్నా ఎలాగోలా నడుస్తుంది. ఇవి లేకుండా ఎంత ఖరీదైన టూల్‌లో ఎన్ని వేల టెస్టులు పేర్చినా, రిలీజ్ రోజు పొద్దున అందరూ అడిగే "ఇది పంపొచ్చా?" అన్న ప్రశ్నకి జవాబు అందులో దొరకదు.

ఎక్కడెక్కడ ఉండేవంటే

నేను పనిచేసేది గుంటూరు బ్రాడీపేటలో. మా సాఫ్ట్‌వేర్ వాడేది కోల్డ్ స్టోరేజీల వాళ్లు, మిర్చి యార్డులో కమిషన్ షాపుల వాళ్లు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని దిగాయి, ఏ గదిలో ఏ అంతస్తులో పెట్టారు, కాటా ఎంత, హమాలీ ఎంత, అన్నీ పోను రైతు చేతికి ఎంత, ఇవీ మా లెక్కలు. హైదరాబాద్ స్నేహితులు "చిన్న అప్లికేషనే కదా" అంటారు. ఏప్రిల్‌లో ఓ కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరి ఉన్నప్పుడు వచ్చి ఆ మాట అనమంటాను.

మా టెస్టులు ఒక ఎక్సెల్ ఫైల్లో షేర్డ్ డ్రైవ్ మీద ఉండేవి. దానికే ఇంకో కాపీ ఒకరి ల్యాప్‌టాప్‌లో, పేరు చివర 'ఫైనల్ కొత్తది' అని. కొన్ని జిరా టికెట్ల కింద కామెంట్లలో, కొన్ని వాట్సాప్ గ్రూపులో "ఇది కూడా ఒకసారి చూడండి" అన్న మెసేజ్‌లుగా. అన్నింటికన్నా విలువైనవి మాత్రం మా సీనియర్ ఒకాయన బుర్రలో. ఎక్సెల్‌లో సగం టెస్టులకి 'రావాల్సిన ఫలితం' దగ్గర "సరిగ్గా పనిచేయాలి" అని రాసి ఉండేది. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఫలానా తేదీకల్లా ఇన్ని టెస్ట్ కేసులు చూపించాలని లెక్క అడిగితే ఎవరైనా అలాగే రాస్తారు.

రిసోర్సులంటే ఫైళ్లేనని చాలామంది అనుకుంటారు. మా పనిలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, ఎలక్ట్రానిక్ కాటాకి తగిలించే కేబుల్, ఇంకా విండోస్ 7 మీదే నడుస్తున్న పాత కంప్యూటర్, ఇవి కూడా రిసోర్సులే. ఒక సీజన్లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) ప్రింట్ మార్చి పంపాం. పీడీఎఫ్‌లో ముచ్చటగా ఉంది. షాపులో డాట్ మ్యాట్రిక్స్ మీద కొట్టేసరికి తెలుగు అక్షరాలు పక్క గడిలోకి జరిగి రైతు పేరు మీద బరువు అంకె ఎక్కి కూర్చుంది. అసలు ప్రింటర్ మీద ఎందుకు చూడలేదంటే, ఆఫీసులో ఉండాల్సిన ప్రింటర్‌ని సపోర్ట్ వాళ్లు ఒక కస్టమర్‌కి నాలుగు రోజులు వాడుకోమని ఇచ్చారు. ఆ సంగతి టెస్టర్లకి తెలుసు. "ప్రింటర్ లేదు, పీడీఎఫ్‌లో చూశాం" అని గ్రూపులో మెసేజ్ కూడా పెట్టారు. ఆ వెంటనే ఎవరిదో పుట్టినరోజు, కేకు బొమ్మల వరద, ఆ మెసేజ్ ఎక్కడికో పైకి వెళ్లిపోయింది.

'డాట్ మ్యాట్రిక్స్ మీద ప్రింట్ చూడాలి' అన్న టెస్ట్ కేస్ ఎక్సెల్‌లో శుభ్రంగా ఉంది. ఈసారి అది చెయ్యలేదు అని చెప్పుకోడానికే మాకు చోటు లేకపోయింది.

అన్నీ 'హై' అయినప్పుడు

ముందు ప్రయారిటీలు పెట్టుకుందామని మా ఎండీగారి చేతికి లిస్టు ఇచ్చాం. కాఫీ తాగేలోపు పూర్తిచేసి ఇచ్చేశారు. అన్నీ 'హై'. రిపోర్టు పైన లోగో సైజు దగ్గర కూడా 'హై'. ఆయన్ని తప్పుపట్టలేం. "ఇది ముఖ్యమా సార్?" అని అడిగితే, తను అమ్మే సరుకులో ముఖ్యం కానిది ఫలానా అని ఏ యజమాని ఒప్పుకుంటాడు?

తర్వాత ప్రశ్న మార్చాం. "సార్, రేపు పొద్దున అప్‌డేట్ వెళ్లాలి. సాయంత్రం దాకానే టైముంది. వీటిలో వేటిని చూడకుండా పంపెయ్యమంటారు?" ఈసారి కాఫీ చల్లారిపోయింది. పెన్ను పట్టుకుని ఒక్కో లైను దగ్గర ఆగారు. లోగో కొట్టేశారు. పాత సంవత్సరాల రిపోర్టులు కొట్టేశారు. బ్యాంకు లోను ఉన్న లాటు దగ్గరికొచ్చేసరికి, "దీన్ని చూడకుండా పంపితే నేను ఊళ్లో తిరగలేనమ్మా" అన్నారు. కోల్డ్ స్టోరేజీ బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) మీద రైతు అప్పు తీసుకున్నాక, అది తీరేదాకా ఆ లాటుకి డెలివరీ చీటీ రాకూడదు. మా సాఫ్ట్‌వేర్ పొరపాటున ఒక్క చీటీ ఇచ్చిందంటే సరుకు లారీ ఎక్కేస్తుంది, బ్యాంకు వచ్చి స్టోరేజీ యజమాని మెడ మీద కూర్చుంటుంది. ఆయన నోటివెంట వచ్చిన ఆ ఒక్క మాట, అంతకుముందు పెట్టిన 'హై'లన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

పైగా ప్రయారిటీ ఒకసారి పెట్టేస్తే అలాగే ఉండిపోదు. ఈ-ఇన్వాయిస్, అంటే జీఎస్టీ బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యడం, దాని సంగతే చూడండి. 2020 అక్టోబరులో మొదలైనప్పుడు టర్నోవర్ 500 కోట్లు దాటినవాళ్లకే అది తప్పనిసరి. మా కస్టమర్లలో అంతటివాళ్లెవరూ లేరు, కాబట్టి ఆ టెస్టులు అడుగున పడేశాం. 2021 జనవరికి 100 కోట్లు, ఏప్రిల్‌కి 50, మరుసటి ఏప్రిల్‌కి 20, 2022 అక్టోబరుకి 10. చివరికి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటితే చాలన్నారు. దిగుతూ దిగుతూ మా షాపుల గుమ్మం దాకా వచ్చింది. మా కోడ్‌లో ఒక్క లైను మారకపోయినా అడుగున ఉన్న టెస్టు పైకి రావాలి. కానీ ఎప్పుడో 'లో' అని రాసిన గడి తనంతట తాను మారదు కదా. అందుకే ఇప్పుడు మా పేజీలో వదిలేసిన ప్రతిదాని పక్కన "ఎప్పటిదాకా" అని ఒక గడి ఉంది. ఆ తేదీ దాటితే మళ్లీ అడగాలి.

సీజన్ లెక్క కూడా అంతే. ఫిబ్రవరి నుంచి మే దాకా, సరుకు దింపుకునేటప్పుడు వాడే దిగుమతి స్క్రీనే మాకు ప్రాణం. యార్డుకి వేసవి సెలవులిచ్చాక అద్దె లెక్కలు, డెలివరీలు ముందుకొస్తాయి. జూన్‌లో కూడా దిగుమతి స్క్రీనే మొదట టెస్ట్ చేస్తున్నారంటే ఆ లిస్టుని ఎవరూ తెరిచి చూడట్లేదన్నమాట.

97 మెయిళ్లు

నైట్ క్యాపిటల్ కథ టెస్టింగ్ క్లాసుల్లో అరిగిపోయిందే. 2012 ఆగస్టు 1న, అమెరికాలో ఈ షేర్ల కంపెనీకి ఉన్న ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వెళ్లలేదు. 2003లోనే వాడటం మానేసిన పాత కోడ్ ఆ సర్వర్‌లో నిద్రలేచి ముప్పావుగంట ఆర్డర్లు కుమ్మరించింది. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. దీన్ని ఎక్కువగా ఆటోమేషన్ కోర్సులు అమ్ముకోడానికి వాడుతుంటారు.

అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013లో ఇచ్చిన ఆర్డర్‌లో ఇంకో వివరం ఉంది, నన్ను వదలనిది. ఆ రోజు మార్కెట్ తెరిచేది తొమ్మిదిన్నరకి. ఎనిమిది దాటినప్పటి నుంచే వాళ్ల సిస్టమ్, ఆ పాత కోడ్ పేరుతో సహా తప్పు చూపిస్తూ ఉద్యోగులకి మెయిళ్లు పంపింది. మార్కెట్ తెరిచేలోపు 97 వెళ్లాయి. అవి హెచ్చరికలుగా తయారు చేసినవి కావు, వచ్చినప్పుడు తెరిచి చూసే అలవాటు కూడా అక్కడ లేదు. మార్కెట్ తెరుచుకుంది.

కావాల్సిన సమాచారం వచ్చింది, ఒకే గుంపుకే వచ్చింది. ఇది చూసి "ఆపండి" అనాల్సింది ఫలానా మనిషి అని మాత్రం లేదు. మా ప్రింటర్ మెసేజ్‌కి అయిందీ ఇదే, నష్టంలోనే తేడా. అందుకే ఎవరైనా "అన్నీ ఒక సెంట్రల్ ప్లేస్‌లో పెడుతున్నాం" అంటే, దాని కింద ఎవరి పేరుందని అడుగుతాను.

పేర్లు రాస్తే

అడిగినంత తేలిక కాదు రాయించడం. మా టీమ్‌లో ఒకమ్మాయి మొహమాటం లేకుండా చెప్పేసింది: "వదిలేశామని మనమే రాసి పేరు పెడితే, రేపు ఏదైనా పోతే తిట్లు మనకే కదండీ?" ఆ అమ్మాయి భయం నిజమే. మొదట్లో పేజీ ఖాళీగానే ఉండేది. అంతకన్నా ప్రమాదం, అడిగితే అందరూ అన్నీ చూసేశామనేవాళ్లు. వదిలేసినవి దాచుకునేలా చేసిన పేజీ కన్నా అసలు పేజీ లేకపోవడమే మేలని ఆ రోజుల్లో గట్టిగా అనిపించింది. ఎండీగారు మొదటి లైనులో తన పేరు తనే రాసి, "ఇది వదిలెయ్యమన్నది నేను" అని పెట్టాక మిగతావాళ్లు కాస్త ధైర్యం చేశారు. పై మనిషి ఆ పని చెయ్యని ఆఫీసులో ఇది నడుస్తుందా అంటే, నడుస్తుందని నేను హామీ ఇవ్వను.

బుర్రనిండా టెస్టులున్న సీనియర్ సంగతి వేరు. "అన్నీ రాసిచ్చేస్తే ఇక నా అవసరం ఏముంటుందమ్మా?" అన్నారాయన. చాలామంది మనసులో ఉంచుకునే మాటని ఆయన పైకి అన్నారు. గుంటూరులో ఆ ఉద్యోగం పోతే ఇంకోటి నడిచివెళ్లే దూరంలో దొరకదు. యాభై దాటిన మనిషిని హైదరాబాద్ వెళ్లి ఇంటర్వ్యూలు ఇచ్చుకోమనడం న్యాయమూ కాదు. 'నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్' అని స్లైడ్లు చూపించేవాళ్లు ఈ భయాన్ని మొండితనం అని తీసిపారేస్తారు. నాకది నచ్చదు.

మేం ఆయన్ని టెస్టులు రాసిమ్మని అడగలేదు. "వీటిలో మీరైతే ఏది వదలరు?" అని మాత్రం అడిగాం. వెంటనే చెప్పారు: "ఏప్రిల్ 1న లాటు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. పోయినేడాది సరుకు ఇంకా గదిలోనే ఉంటే ఒకే నంబరుతో రెండు లాట్లు ఉంటాయి. అక్కడ చూడండి." అది ఏ ఎక్సెల్‌లోనూ లేదు. ఆయన అవసరం తగ్గలేదు సరికదా, ఇప్పుడు ప్రతి రిలీజ్ ముందూ ఏది వదలాలో తేల్చేటప్పుడు ఆయన పక్కన కూర్చోవాల్సిందే.

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉన్న స్నేహితురాలు ఇదంతా విని నవ్వింది. "మాకు రెగ్రెషన్ అంతా, అదే పాత టెస్టులన్నీ మళ్లీ నడపడం, రాత్రికి రాత్రే మెషీన్లు చేసేస్తాయి. వదిలెయ్యడమనే మాటే లేదు." మరి ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల్ని ఏం చేస్తారని అడిగాను. "అవా, స్కిప్‌లో పెట్టేస్తాంలే." ఎవరు పెట్టారు, ఎప్పుడు తీస్తారు? "అదంతా ఎవరికి గుర్తుంటుంది?" వాళ్లకీ వదిలేసినవి ఉన్నాయి, కోడ్ లోపల, పేరూ తేదీ లేకుండా. ఒక మాట మాత్రం ఆమెది ఒప్పుకుంటాను. వందల మంది పనిచేసే చోట ఒక పేజీ సరిపోదు, ఒక్కో టీమ్‌కి ఒకటి కావాలి. అప్పుడు వాటన్నింటినీ కలిపి ఎవరు చూస్తారన్న తలనొప్పి మళ్లీ మొదలవుతుంది.

అలవాటు పడ్డ పురుగు

నా వాదన మీద నాకే ఉన్న పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. పేజీ బాగా కుదిరిందంటే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. దానిలో లేనిదాన్ని చూడటం మానేస్తారు.

టెస్టింగ్ మీద పుస్తకాలు రాసిన బోరిస్ బైజర్ 1990లోనే ఈ ముక్క చెప్పాడు: ఒకే టెస్టులు పదేపదే నడుపుతుంటే, ఒకే పురుగుమందు కొడుతున్నట్టు, వాటికి దొరకని బగ్గులే (తప్పులే) చివరికి మిగులుతాయి. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు, ఉన్న మందులకి లొంగక మిర్చి తోటలు పీకేసిన రైతుల్ని చూసిన జిల్లా మాది. ఆ మాట మాకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు కాగితాల భయం ఉంది. టెస్టింగ్ పత్రాలకి ఐఈఈఈ 829 అని 1983 నుంచే ఒక ప్రమాణం ఉండేది. 2013 నుంచి వచ్చిన ఐఎస్ఓ 29119 అనే కొత్త ప్రమాణం దాని స్థానం తీసుకుంది. 2014లో ఈ కొత్తదాన్ని ఆపమని టెస్టర్లే సంతకాలు సేకరించారు. పత్రాలు నింపడంలోనే టెస్టింగ్ టైమంతా పోతుందన్నది వాళ్ల గోడుల్లో ఒకటి. నేను ఆ సంతకాల పక్షమే. అందుకే మా పేజీ ఒక్క స్క్రీన్ దాటకూడదని పట్టుబట్టాను. కొత్త లైను రావాలంటే పాతది ఏదో ఒకటి పోవాలి.

అలాగే అడుగున ఒక లైను ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాం. ఎవరికి ఏ అనుమానం వస్తే అది రాయొచ్చు, ప్రయారిటీ అక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు "చీటీ ప్రింట్ అవుతుండగా నెట్ పోతే?" అని రాసింది. సీనియర్లు పెద్దగా పట్టించుకోలేదు. తనే రౌటర్ తీసి పెట్టి చూసింది. ఒకే లాటుకి రెండు చీటీలు వచ్చాయి, రెండింటి నంబర్లూ వేరు. ఎండీగారు ఊళ్లో తిరగలేనన్న బాపతు బగ్గు అది. ఏ లిస్టులోనూ లేదు. కేమ్ కేనర్ లాంటి టెస్టింగ్ నిపుణులు 1980ల నుంచీ ఎక్స్‌ప్లొరేటరీ టెస్టింగ్ (ముందే రాసుకున్న లిస్టు లేకుండా వెతుక్కుంటూ పోవడం) అని మొత్తుకునేది దీని గురించే. ఒకేచోట పెట్టాలనే నాలాంటివాళ్లు వాళ్ల మాట కూడా వింటూ ఉండాలి.

ఒకేచోట పెట్టకూడనిది

టెస్ట్ డేటా విషయంలో నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను. మా లాంటి చాలా ఆఫీసుల్లో జరిగేదేమిటంటే, కస్టమర్ బ్యాకప్ తెచ్చి దాని మీదే టెస్ట్ చేస్తారు. అందులో రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి. చిందరవందరగా ఉన్నన్నాళ్లూ అది ఒకరి మెషీన్లో ఉంటుంది. 'అన్నీ ఒకేచోట' అని షేర్డ్ డ్రైవ్‌లోకి ఎక్కించిన రోజు నుంచి, నిన్న చేరిన ఇంటర్న్ కూడా దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవచ్చు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకపోయినా ఇది తప్పే.

సరే, పేర్లన్నీ మార్చేసి 'రైతు 1', 'రైతు 2' అని పెట్టి చూశాం. బగ్గులు దొరకడం తగ్గింది. ఎందుకంటే మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే ఊరు ఉన్నవాళ్లు ముగ్గురుంటారు. తేడా తండ్రి పేరులోనే. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో చూపించే బగ్గు అలాంటిచోటే పుడుతుంది. 'రైతు 1' దగ్గర పుట్టదు. చివరికి అలాంటి చిక్కులన్నీ ఉండేలా, మనుషులు మాత్రం ఎవరూ నిజం కాకుండా, చిన్న డేటా ఒకటి కూర్చుని తయారు చేసుకున్నాం. విసుగు పుట్టించే పని, ఇంకా పూర్తి కాలేదు. అసలు బ్యాకప్‌లు ఎక్కడున్నాయో పేజీలో రాయం. అవి ఎవరి దగ్గర అడగాలో మాత్రం రాస్తాం.

తేలని తగువు ఒకటి మిగిలింది. పేజీ కింద ఉన్న పేరు ప్రస్తుతం నాదే. అది సపోర్ట్‌లో ఫోన్లు ఎత్తే అతనిది కావాలని నా వాదన. ఏ స్టోరేజీ వాళ్లు ఏ బటన్ దగ్గర తడబడతారో, ఏ తప్పుకి కోప్పడతారో, దేన్ని చూసీ చూడనట్టు సర్దుకుపోతారో అతని నోట్‌బుక్‌లో ఉన్నంతగా మా ఎవరికీ తెలియదు. ఎండీగారు ఒప్పుకోవట్లేదు. "ఫోన్లు ఎత్తేవాడు రిలీజ్ ఆపెయ్యమంటే డెవలపర్లు వింటారా?" అంటున్నారు. వినరు, నిజమే. వినేలా చెయ్యాల్సింది ఆయనే. యార్డుకి కొత్త కాయ రావడం మొదలయ్యేలోపు ఆ పేరు మార్పించాలని చూస్తున్నాను. అప్పటిదాకా అతని నోట్‌బుక్ తెచ్చుకుని, ప్రతి శుక్రవారం పేజీ పక్కన పెట్టుకుని చదువుతున్నాం.